పదిహేనేసి నిమిషాల నడకతో బెలూం, గండికోట

పద్దెనిమిదేళ్ళుగా నేను కర్నూలులో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. నది రాతిని ఎలా కోస్తుందో, సున్నపురాతిలో గుహలు ఎలా ఏర్పడతాయో ఏటా బోర్డు మీద బొమ్మలు గీసి మరీ చెబుతాను. పోయిన డిసెంబరులో పెన్నా నది గురించి చెబుతుంటే ముందు బెంచీలోని ఒక అమ్మాయి లేచి, "మేడమ్, గండికోట కాడ నది ఎట్లుంటాది? మీరు చూసింటారు కదా" అని అడిగింది. చూడలేదన్నాను. "మరి బెలూం గుహలు?" అవీ చూడలేదన్నాను. ఆ పిల్ల వెక్కిరించలేదు, కాస్త ఆశ్చర్యపోయి కూర్చుంది, అంతే. నాకే ఆ రోజు మధ్యాహ్నం అన్నం సహించలేదు. రెండూ మా ఊరి నుంచి ఒక్క పూటలో చేరుకోగల చోట్లు. మొదట్లో తీరిక లేక వెళ్ళలేదు. ఆ తర్వాత ఆరేళ్ళుగా, వెళ్ళగలనన్న నమ్మకం లేక వెళ్ళలేదు.

నాకు ఫైబ్రోమయాల్జియా ఉంది. పేరు పెద్దదే గాని బయటికి కనిపించేది ఏమీ ఉండదు. జ్వరం వచ్చి తగ్గిన మర్నాడు ఒళ్ళంతా ఎలా పచ్చిగా ఉంటుందో, ప్రతి రోజూ అలా ఉంటుంది. మెడ, భుజాలు, నడుము, తొడలు, ఒక్కోసారి అరికాళ్ళు కూడా. ఎనిమిది గంటలు పడుకుని లేచినా రాత్రంతా మూటలు మోసినట్టే ఉంటుంది. పాఠం మధ్యలో తెలిసిన మాటే నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. ఎన్ని పరీక్షలు చేయించినా అన్నీ బాగున్నాయనే వచ్చేది. చర్చిలో స్త్రీల కూటమి వాళ్ళు ప్రార్థన చేశారు, పక్కింటివాళ్ళు నూనెలు ఇచ్చారు, మా ఆడపడుచు "పని తప్పించుకోవడానికి మంచి జబ్బు దొరికింది" అని ఎవరితోనో అంది. జబ్బుకు పేరు తెలియడానికే మూడేళ్ళు పట్టింది.

పేరు తెలిశాక కూడా నొప్పి పోలేదు. కర్నూలులో నేను చూపించుకునే డాక్టరమ్మ చెప్పిన మాట మాత్రం నా పద్ధతి మార్చింది. "నొప్పంతా పోయాక బతుకుదామని కూర్చోకండి. నొప్పి వచ్చేదాకా నడిచి ఆగడం కాదు, రాకముందే ఆగండి. కూర్చోండి, మళ్ళీ లేవండి" అంది. రాత్రిపూట ఒక మాత్ర, పొద్దున వేడినీళ్ళ స్నానం, మేడ మీద ఐదు నిమిషాల నడక. అలా మొదలుపెట్టి, వారానికో నిమిషం పెంచుకుంటూ పదిహేను నిమిషాలకు వచ్చాను. పదిహేను నిమిషాలు నడవడం, ఐదు నిమిషాలు కూర్చోవడం. ఫోనులో అలారం పెట్టుకుంటాను. ఆ అమ్మాయి అడిగిన రోజు సాయంత్రం మేడ మీద కూర్చుని లెక్క వేశాను: ఈ పదిహేను నిమిషాలను ఒకదాని వెనక ఒకటి పేర్చుకుంటూ పోతే గండికోట ఎందుకు చేరలేను?

మా ఆయన ప్రభాకర్ వస్తానన్నాడు. నేనే వద్దన్నాను. నలుగురితో వెళితే నలుగురి నడక నడవాలి, లేకపోతే నలుగురికీ క్షమాపణ చెప్పుకుంటూ ఉండాలి. ఆయన తనకు తెలిసిన డ్రైవరు మస్తాన్‌ను మాట్లాడిపెట్టాడు. మస్తాన్‌ది ఓర్వకల్లు పక్క పల్లె, వయసు యాభైకి దగ్గర, సొంత కారు. రెండు రోజులకు డీజిలు, బత్తా కలిపి తొమ్మిది వేలు. బస్సులో వెళ్ళాలనుకునేవాళ్ళు బనగానపల్లె చేరి, అక్కడి నుంచి కొలిమిగుండ్ల వైపు వెళ్ళే బస్సు పట్టుకోవచ్చు. ఖర్చు చాలా తగ్గుతుంది గాని, నాలాంటివాళ్ళకు ఆ సీట్ల మీద ఆ కుదుపులు కష్టం.

జనవరి చివరి శనివారం ఉదయం ఆరింటికి బయలుదేరాం. చలిగా ఉంది, చలంటే నా కండరాలు బిగుసుకుపోతాయి. నడుము వెనక దిండు, ఒళ్ళో వేడినీళ్ళ సంచి పెట్టుకుని కూర్చున్నాను. ఓర్వకల్లు దగ్గర రాతిగుట్టల మీద అప్పుడే ఎండ పడుతోంది. అక్కడే మొదటిసారి కారు ఆపమన్నాను. దిగి ఐదు నిమిషాలు అటూ ఇటూ నడిచాను. పాణ్యం దాటాక మళ్ళీ ఆపించాను. బనగానపల్లెలో టిఫిను. బొరుగులతో చేసిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, ఇద్దరికీ కలిపి నూరు రూపాయలు. తిన్నాక నేను హోటలు గోడ పక్కన నిలబడి భుజాలు తిప్పుతుంటే మస్తాన్ గడియారం చూసుకున్నాడు.

"మేడమ్, ఇట్ల ఆడాడ ఆపుకుంటా పోతే గండికోటకు పొద్దు గూకినాక చేర్తాం" అన్నాడు.

"బెలూం తెరిచేది పదింటికే కదన్నా. అప్పటికి చేరితే చాలు" అన్నాను.

అతను కారు తలుపు కొంచెం గట్టిగా వేశాడు. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. ఆరేళ్ళలో చాలామంది దగ్గర విన్నాను.

అవుకు మీదుగా బెలూం చేరేసరికి పది దాటింది. చుట్టూ నాపరాయి గనులు, నల్లరేగడి చేలు. ఇక్కడ నేల కింద ఏదో ఉందని ఎవరూ అనుకోరు. టికెట్టు వందలోపే. లోపలికి గైడు లేకుండా పంపరు. మాకు వచ్చిన గైడు నాగన్నది ఆ ఊరే, అరవై దగ్గర పడ్డ మనిషి, మెడలో తువ్వాలు, చేతిలో టార్చి. మా గుంపులో పదిహేను మంది దాకా ఉన్నాం. చేను మధ్యలో పెద్ద బావిలాంటి గుంత ఉంది. ఇనుప మెట్ల మీద దాంట్లోకి దిగాలి. కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతుంటే, సగంలో చలి పోయింది. కింద గాలి గోరువెచ్చగా, చెమ్మగా ఉంది. గుహలంటే చల్లగా ఉంటాయనుకుని శాలువా కప్పుకుని వెళ్ళాను. పది అడుగుల్లోనే తీసి చేతికి చుట్టుకున్నాను. మిగతావాళ్ళు ఉక్కపోస్తోందని విసుక్కుంటుంటే నా భుజాలు మాత్రం నెమ్మదిగా వదులయ్యాయి.

లోపల చూసింది ఎలా చెప్పాలో పద్దెనిమిదేళ్ళు పాఠం చెప్పిన నాకు తెలియలేదు. పసుపు దీపాల వెలుతురులో నల్లటి రాతి గోడలు అలలు అలలుగా వెళ్ళిపోతున్నాయి. ఒకచోట పైకప్పు తలకు తగిలేలా ఉంటుంది, వంగి నాలుగడుగులు వేయగానే మా బడి మొత్తం పట్టేంత హాలు. నీళ్ళు ఎటు పోయాయో రాతి మీద ఇంకా కనిపిస్తుంది. సుడి తిరిగినచోట గుండ్రంగా, వేగంగా పారినచోట నున్నగా. నేను బోర్డు మీద ఒక గీత గీసి "ఇలా కరుగుతుంది పిల్లలూ" అని చెప్పేదాన్ని. లక్షల ఏళ్ళను ఒక సుద్దముక్కతో దాటించేశానని సిగ్గేసింది.

కోటిలింగాలనే చోట, పైనుంచి రాతి కొమ్ములు వేలాడుతుండగా, నా ఫోనులో అలారం మోగింది. పక్కన ఉన్న బండ మీద కూర్చున్నాను. గుంపు ముందుకు కదిలింది. నాగన్న వెనక్కి వచ్చాడు.

"ఈడ కూర్చుంటే ఎట్లమ్మా. అందరూ పోతాండారు. ఊపిరి ఆడడం లేదా?"

"ఊపిరి బాగానే ఉందన్నా. నాకు ఒళ్ళు నొప్పుల జబ్బు. కొంచెం నడవాలి, కొంచెం కూర్చోవాలి. ఐదు నిమిషాల్లో లేస్తాను."

అతను నా ముఖంలోకి టార్చి వేయకుండా పక్కకు తిప్పి చూశాడు. తర్వాత ముందున్న ఇంకో గైడును కేకేసి గుంపును అప్పగించి, నాకు కాస్త దూరంలో గొంతుకూర్చున్నాడు. "తొందరేం లేదు. నేను ముప్పై ఏండ్ల నుంచి దిగుతాండా ఈడికి. ఈ రాయికే లేదు తొందర" అన్నాడు.

గుంపు మాటలు మలుపు తిరిగి, చిన్నవై, ఆగిపోయాయి. అప్పుడు వినిపించింది, ఎక్కడో నీటిబొట్టు పడుతున్న చప్పుడు. ఒకటి పడ్డాక చాలాసేపటికి ఇంకొకటి. చెయ్యి పక్కనున్న గోడకు ఆనించాను. తడిగా, నున్నగా, గోరువెచ్చగా ఉంది. ఈ నున్నదనం ఎన్ని వానలదో అనుకున్నాను. తర్వాత ఏమీ అనుకోలేదు. ఆ బొట్టు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. మళ్ళీ ఫోను మోగి ఐదు నిమిషాలు అయిపోయాయని చెప్పినప్పుడు ఉలిక్కిపడ్డాను. అలారానికి కాదు. ఆ ఐదు నిమిషాలూ నాకు ఒళ్ళనేది ఒకటి ఉందన్న సంగతే గుర్తు లేదు. ఆరేళ్ళలో మెలకువగా ఉండగా అలా జరగడం అదే మొదలు. నొప్పి నిజంగా పోయిందేమోనని ఆశపడి వెతికాను. వెతికితే దొరికింది, నడుములో, తొడల్లో, ఉన్నచోటే ఉంది. కాని పక్క వీధిలో ఎవరో మాట్లాడుకుంటున్నట్టుగా ఉంది. నా ఇంట్లో కాదు.

"ఏమ్మా, ఏడుస్తాండావా?" అన్నాడు నాగన్న.

"లేదన్నా. బాగుంది."

"బాగుంటాది. ఈడ కూర్చుని చూసేటోళ్ళు తక్కువ. ఫోటోలు దిగి పోతాంటారు" అన్నాడు.

ఇంకో రెండు విడతలు నడిచాక పాతాళగంగకు దిగే మెట్లు వచ్చాయి. గుహలో అన్నిటికన్నా లోతైన చోటు అది, ఏడాది పొడవునా నీళ్ళుంటాయట. పైనుంచి చూస్తే మెట్లు మలుపు తిరిగి చీకట్లోకి పోతున్నాయి. ఒకప్పటి నేనైతే ఇంత దూరం వచ్చి వదిలేస్తానా అని దిగి, నాలుగు రోజులు మంచం పట్టేదాన్ని. సాయంత్రానికి గండికోట మిగలాలంటే ఇది వదలాలి. నాగన్నకు చెబితే అతను తల ఊపాడు. "గంగ యాడికీ పోదులేమ్మా. ఇంకోసారి రాండి. అప్పుడు దిగుదురు" అన్నాడు. మామూలుగా గంటలో ముగిసే చుట్టు నాకు రెండు గంటలు పట్టింది. పైకి ఎక్కే మెట్ల దగ్గర నొప్పి మళ్ళీ ఇంట్లోకి వచ్చేసింది. బయట ఎండలో కారు సీటు వాల్చుకుని ఇరవై నిమిషాలు కళ్ళు మూసుకున్నాను.

కొలిమిగుండ్లలో భోజనం. ఇంటి వరండాలోనే నాలుగు బల్లలు వేసి నడిపే మెస్సు. వడ్డించే ఆమె జొన్నరొట్టె, పప్పు, చెనిగింజల పొడి, అంటే వేరుశనగల పొడి, వేసింది, మనిషికి నూరు రూపాయలు. "ఇంకో రొట్టె తినమ్మా, శానా వాడిపోయినావు" అని అడగకుండానే వేసింది. మళ్ళీ కారెక్కాక జమ్మలమడుగు వైపు దారి పట్టాం. గండికోటకు అక్కడి నుంచి ఇంకో పదిహేను కిలోమీటర్లు, మొత్తం రెండు గంటలు. దారి పక్కన నాపరాళ్ళు చేల గట్ల మీద నిలబెట్టి ఉన్నాయి. మస్తాన్ అద్దంలోంచి నన్ను చూసి అడిగాడు.

"మేడమ్, తప్పుగా అనుకోవద్దు. మీ జబ్బేంది? బయటికి ఏం కనపడదే."

చెప్పాను. నరాలు చిన్న సంగతిని కూడా పెద్ద నొప్పిగా మెదడుకు చేరవేస్తాయని, డాక్టరమ్మ నాకు చెప్పినట్టే చెప్పాను.

"పరీక్షలు చేపిస్తే అన్నీ బాగుండాయనే వస్తాదా?"

"వస్తుంది."

"పొద్దున లేస్తానే, నిద్దర పోనట్లే ఉంటాదా? ఊరికే చెయ్యి వేసినా నొస్తాదా?"

"ఉంటుందన్నా. ఎవరికి?"

అతను ఒక లారీని దాటించి, దారి ఖాళీ అయ్యాక చెప్పాడు. "మా ఇంటామెకు. మాబున్నీ. నాలుగేండ్లాయె. మిరపకాయలు తెంపే కూలికి పోతాండె, ఇప్పుడు పోలేదు. పొద్దున లేయలేదు. నంద్యాలలో చూపిస్తి, కర్నూలులో చూపిస్తి. ఏం లేదనిరి. ఏం లేదంటే నేను కూడా ఏం లేదనుకుంటి మేడమ్. శానా మాటలంటి. సోమరిదానివంటి, నాటకాలంటి. నా బిడ్డ పెండ్లిలో ఆమె ఒక మూల కూర్చుంటే అందరి ముందర అంటి."

ఆ మాటలు అటువైపు నుంచి ఎలా ఉంటాయో నాకు తెలుసు. ఇటువైపు నుంచి చెప్పే మనిషిని మొదటిసారి చూస్తున్నాను. అదే జబ్బని మనం అనుకోకూడదని, ఒళ్ళు నొప్పులకు వేరే కారణాలు కూడా ఉంటాయని, మా డాక్టరమ్మ దగ్గరికి ఒకసారి తీసుకురమ్మని చెప్పాను. "తెస్తా" అన్నాడు.

నాలుగింటికి గండికోట చేరాం. కోట గుమ్మాలు దాటి కారు కొంతదూరమే పోతుంది. అక్కడి నుంచి మసీదు, ధాన్యాగారం దాటి లోయ అంచుకు నడక, చివర్లో ఎగుడు దిగుడు బండలు. మామూలు మనిషికి పది, పదిహేను నిమిషాలు. నాకు ఎంతని లెక్క వేసుకుంటుండగా మస్తాన్ టీ బంకు దగ్గరికి వెళ్ళి, అక్కడున్నామెతో ఏదో మాట్లాడి, ఒక ప్లాస్టిక్ స్టూలు చేత్తో పట్టుకుని వచ్చాడు. "జాగ్రత్తగా తెచ్చియ్యప్పా, ఉండేది రెండే" అని ఆమె వెనకనుంచి అంటోంది.

"మీరు నిదానంగా రాండి మేడమ్. నేను ముందర పోయి వేస్తాంటా" అన్నాడు.

అలాగే వేశాడు. మసీదు గోడ నీడలో ఒకసారి, ధాన్యాగారం దాటాక ఒకసారి, బండల మొదట్లో ఒకసారి. నేను చేరేదాకా నిలబడి, కూర్చున్నాక పక్కకు తిరిగి దూరంగా చూస్తూ ఉండేవాడు. తిరిగి గడియారం చూడలేదు. బండల మధ్య స్టూలు నిలవని చోట తన తువ్వాలు పరిచాడు. ఎక్కిదిగే పిల్లలూ పెద్దలూ మా వైపు చూశారు. మామూలుగా ఆ చూపులకే నాకు సగం ఒళ్ళు బిగుస్తుంది. ఆ రోజు పట్టలేదు.

చివరి బండ ఎక్కగానే నేల అయిపోయింది. ఎదురుగా అంత దూరాన మళ్ళీ నేల మొదలవుతోంది. మధ్యలో ఏమీ లేదు, గాలి తప్ప. గోడలు రెండూ ఎర్రగా, నిటారుగా ఉన్నాయి. ఎవరో పలకలు పలకలుగా రాయి కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, ఏ పలకా జారకుండా సర్దినట్టున్నాయి. అడుగున పెన్నా పచ్చగా, కదులుతోందో లేదో తెలియనంత నెమ్మదిగా ఉంది. ఇంత మెత్తగా ఉన్న నీళ్ళు ఇంత పని చేశాయంటే నమ్మడం కష్టం. పాఠంలో నది కొండను "కోసింది" అని రాసి ఉంటుంది. నేనూ అలాగే కత్తి పట్టుకున్నట్టు చెయ్యి ఊపి చెప్పేదాన్ని. అక్కడ నిలబడి చూస్తే కోసినట్టు లేదు. రోజూ కొంచెం తాకింది, అంతే. తాకి, వెళ్ళి, మళ్ళీ వచ్చి తాకింది. ఎండ వాలేకొద్దీ ఎదుటి గోడ ఎరుపు నుంచి ఇటుకరంగుకు, ఇటుక నుంచి తేనెరంగుకు మారింది. మస్తాన్ తెచ్చి వేసిన స్టూలు మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని, గంటసేపు కూర్చున్నాను. నడుము నొస్తూనే ఉంది. నొప్పీ నేనూ ఇద్దరం కలిసే చూశాం. ఈ విశాలంలో దానికీ చోటు సరిపోయింది.

మస్తాన్ కాస్త దూరంలో ఫోనులో ఇంటికి వీడియో కాల్ చేసి లోయ చూపిస్తున్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, "మేడమ్, మా ఇంటామెతో ఒక్క మాట మాట్లాడతారా?" అన్నాడు.

తెరమీద తలకు చున్నీ చుట్టుకున్న సన్నటి ముఖం. గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి సర్దుకుంది. ఎలా ఉన్నావమ్మా అంటే బాగుండానంది. మనమంతా మొదట చెప్పే మాట అదే. నాకూ ఇలాంటి నొప్పులే ఉన్నాయని చెప్పాను.

"అక్కా, మీకు కూడా పరీక్షలో ఏం రాలేదంట కదా" అంది.

"రాలేదమ్మా."

"అయితే ఈ నొప్పి... ఇది ఉత్తది కాదా?"

"కాదు. ఉన్నదే. నీకు నొప్పి ఉంది."

గాలి హోరుకు వినిపించిందో లేదోనని మళ్ళీ చెప్పబోయాను. వినిపించింది. ఆమె చున్నీ అంచుతో ముఖం తుడుచుకుని, నాతో కాకుండా ఫోను పట్టుకున్న మనిషితో నెమ్మదిగా అంది: "ఇనపడిందా?"

మస్తాన్ "ఇనపడింది" అన్నాడు. ఫోను పట్టుకున్న చెయ్యి దించకుండా, లోయవైపు తిరిగి, ఆమెకు మళ్ళీ నదిని చూపించాడు.

ఆ రాత్రి గండికోటలోనే ప్రభుత్వ టూరిజం వాళ్ళ హోటల్లో ఉన్నాం. నా గది రెండు వేల లోపే, ముందుగా చెప్పుకుంటే డ్రైవర్లకు వేరే వసతి ఉంటుంది. మర్నాడు పొద్దెక్కాక నిదానంగా బయలుదేరి మధ్యాహ్నానికి కర్నూలు వచ్చేశాం. మూడు వారాల తర్వాత మస్తాన్ మాబున్నీని తీసుకొచ్చాడు. ఆస్పత్రి బెంచీ మీద మేమిద్దరం పక్కపక్కన కూర్చుని, ఏ వైపు ఒత్తితే ఎక్కువ నొస్తుందో చెప్పుకున్నాం, వేరే ఆడవాళ్ళు కూరల ధరలు చెప్పుకున్నట్టు. ఆమెకు థైరాయిడ్ కూడా ఉందని తేలింది. ముందు దానికి మందు మొదలుపెట్టారు. మిగతాది ఏమిటో కొన్ని నెలలు చూసి చెబుతామన్నారు. వెళ్ళేటప్పుడు మెట్ల దగ్గర మస్తాన్ ఆమె కన్నా ముందు దిగలేదు. ఒక మెట్టు వెనకే ఉన్నాడు.

ఈ ప్రయాణంతో నా జబ్బు నయమైందని రాస్తే అబద్ధం. ఈ పూట ఇది రాస్తున్నప్పుడు కూడా మెడ పట్టేసి ఉంది. కాని ఉపశమనం అంటే నొప్పి లేకపోవడమేనని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అందుకే అది నాకు ఎప్పుడూ దొరకలేదు. గుహలో ఐదు నిమిషాలు దొరికింది, లోయ అంచున ఇంకోలా దొరికింది, ఫోను తెరమీద ఒక తెలియని మనిషి ముఖంలో మరోలా దొరికింది. మూడుసార్లూ నేను దాన్ని వెతకడం లేదు. నాకన్నా చాలా పెద్దదాని ముందు, ఎవరి తొందరా లేకుండా కూర్చుని ఉన్నాను. మా రాయలసీమంటే రాళ్ళు, ఎండకు మాడిపోయిన నేల అనే చిన్నప్పటి నుంచి విన్నాను. ఆ రాళ్ళలోపల అంత నీరు, అంత ఓపిక ఉన్నాయని నలభై ఆరేళ్ళకు తెలిసింది.

నాలాగా నొప్పులతో బయలుదేరే వాళ్ళకు ఒక్క సూచన. స్టూళ్ళు, దిండ్లు, మాత్రలు మీరెలాగూ సర్దుకుంటారు. తిరిగొచ్చిన మర్నాటికి కూడా సెలవు పెట్టుకోండి. ఆ రోజు ఒళ్ళు అలిసిపోయి మూలుగుతుంది, భయపడకండి. వేడినీళ్ళు పోసుకుని, కిటికీ పక్కన పడుకుని, చూసి వచ్చినదాన్ని ఆ రోజంతా మళ్ళీ నెమ్మదిగా చూసుకోండి.